ఇంటూ పెట్టిన మూల

మా ఇంట్లో అనుమానం వంశపారంపర్యం. ధర్మవరంలో మా నాయన మగ్గం మీద పట్టుచీరలు నేసేవాడు. టమాటాలు కొన్నా సరే, ఒక్కొక్కదాన్నీ రెండు పక్కలా తిప్పి చూడనిదే సంచిలో వేసేవాడు కాదు. ఎవరైనా పెళ్లిపత్రిక ఇస్తే ముందు దాని వెనక చూసి, తర్వాతే లోపల ఏముందో చదివేవాడు. "మొకం అందరూ బాగానే నేస్తారు. నేత సంగతి ఎనక తిప్పితేనే తెలుస్తాది" అనేవాడు. ఆయన చీరల గురించే చెప్పాడు. నేను దాన్ని మనుషులకు వాడుకున్నాను. దానివల్ల నాకు మేలు జరిగిన సందర్భాలు రెండో మూడో ఉంటాయి. తల దించుకోవాల్సి వచ్చిన సందర్భం ఒకటి ఉంది. అది చెప్తాను.

తొంభైల చివర్లో నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. కుందుర్పి పక్కన ఒక చిన్న ఊరు, ఇద్దరు టీచర్ల బడి. రెండో టీచరు ఒక సారు. కళ్యాణదుర్గం నుంచి పొద్దున బస్సుకు వచ్చి సాయంత్రం బస్సుకు పోయేవాడు. నేను ఊళ్లోనే గది తీసుకున్నాను. ఊరికి రెండు వీధులు. పాత వీధిలో రాతి గోడల మీద మట్టి మిద్దెలు, ఒక్క ఎద్దులబండి కష్టం మీద పట్టే సందు, ఆ సందుకు అడుగడుగునా మలుపులు. కొత్త వీధి రోడ్డు పక్కన తిన్నగా ఉండేది, అన్నీ సిమెంటు ఇండ్లు. పంచాయతీ ఎన్నికలు దగ్గర పడ్డాయంటే ఈ రెండు వీధులూ రెండు ఊళ్లయ్యేవి. నా గది కొత్త వీధిలో, సర్పంచి కావాలని చూస్తున్న ఒక పెద్ద రైతు ఇంట్లో. ఇంకెక్కడా దొరక్క అక్కడ దిగాను. కానీ నా ట్రంకుపెట్టె దించిన రోజే నేను ఎవరి మనిషినో పాత వీధి తేల్చేసుకుంది.

అయిదో తరగతిలో పాత వీధి పిల్ల ఒకతి ఉండేది. తల్లి పోయి రెండేళ్లయింది. తండ్రి బేల్దారి, ఇండ్లు కట్టే మేస్త్రీ. వానలు లేని ఊళ్లో ఇల్లు కట్టేవాడెవడు? ఏటా ఉగాది కాగానే ఆయన బెంగళూరుకు పనికి పోయేవాడు. అన్నాళ్లూ పిల్ల అవ్వ దగ్గర ఉండేది. ఆ చలికాలంలో అవ్వ కూడా కన్నుమూసింది. ఇక ఈసారి పిల్ల కూడా బెంగళూరికే, కడుతున్న ఏ మేడ పక్కనో రేకుల గుడిసెలోకి. బడి మాట మరిచిపోవాల్సిందే. నాకు ఒక్కటే దారి కనిపించింది. అయిదో తరగతి పిల్లలకు గురుకుల పాఠశాల ప్రవేశ పరీక్ష ఉంటుంది. అందులో సీటు వస్తే తిండి, పడక, చదువు అన్నీ అక్కడే. దరఖాస్తు మీద తండ్రి సంతకం ఉండాలి, అంతే. ఒక సోమవారం ఆ కాగితం పిల్ల చేతిలో పెట్టాను. "నాయనతో సంతకం పెట్టించుకోని రా. వచ్చే వారం శనివారం ఆఖరు" అన్నాను. తల ఊపింది. నోరు తెరిచి మాట్లాడే పిల్ల కాదు.

ఆ బుధవారమే కోణాల పాఠం. అంతకు ముందు మండలంలో మాకు శిక్షణ పెట్టారు. "కోణాలు పుస్తకంలో కాదు, పరిసరాల్లో చూపించాలి" అని చెప్పిన ఆయన మూడు గంటలూ నల్లబల్ల మీదే చూపించాడు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది. అయినా చూద్దాం పదమని బడి తలుపుతో మొదలుపెట్టాను. కొంచెం తెరిస్తే లఘుకోణం, సగానికి తెరిచి నిలబెడితే లంబకోణం, ఇంకా వెనక్కు నెడితే గురుకోణం. పిల్లలు మొదట బిక్కమొహాలు వేశారు. తర్వాత ఒకడు ఎద్దులబండి నొగలు రెండూ కాడి దగ్గర కలిసేది లఘుకోణం అన్నాడు. ఇంకొకడు మేక కొమ్ములన్నాడు. ఎవరి మేకవి అని వాళ్లలో వాళ్లకు తగువు వచ్చింది. ఆ గోలలో ఈ పిల్ల చేయెత్తింది.

"టీచర్, మా నాయన అరుగు మీద కూసోని కాళ్లు కిందికేస్తే మోకాలి కాడ లంబకోణం. కొంచెం సాపితే గురుకోణం. సలికి ముడుసుకుంటే లఘుకోణం" అంది.

ఏడాది మొత్తం మీద ఆ పిల్ల ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడడం అదే మొదలు. నాకు ఎంత సంతోషమైందంటే, ఇక గదిలో ఆగలేకపోయాను. పాత నోటుబుక్కు కాగితాలు చించి ఒక మడత వేయించాను. ఆ మడత అంచులు కలిసేట్టు ఇంకో మడత వేయించాను. అట్లా మడిస్తే కాగితం ఎంత వంకరగా చిరిగినా మూలలో లంబకోణం ఖాయం. పిల్లలు దానికి మూలచీటీ అని పేరు పెట్టుకున్నారు. తలా ఒక సుద్దముక్క ఇచ్చాను.

"ఊళ్లోకి పోండి. ఈదిలోకి వచ్చిన ఇండ్ల మూలలన్నీ చూడండి. మూలచీటీ సరిగ్గా అతికితే రైటు పెట్టండి. అతకకపోతే ఇంటూ పెట్టండి" అన్నాను.

నోరు జారి అన్న మాట కాదు, ఆలోచించే అన్నాను. టీచరు చేతికి అలవాటైన గుర్తులు ఆ రెండే. సాయంత్రానికి పిల్లలు ఒళ్లంతా సుద్దతో, ఎండకు కమిలిన ముఖాలతో తిరిగి వచ్చారు. ఇంత మంచి పాఠం ఈ మండలంలో ఎవరూ చెప్పి ఉండరని నాకు నేనే భుజం తట్టుకున్నాను.

మరుసటి రోజు పొద్దున నేను గది తలుపు తీసేసరికి నా గది ఉన్న ఇంటి యజమాని, ఆ పెద్దాయన, వీధి మూల దగ్గర చేతులు వెనక్కు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ముందు గోడను చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

"టీచరమ్మా, ఈ గుర్తు ఎవురు పెట్టినారో చూసినావా?"

"రైటు గుర్తే కదా పెద్దాయనా."

"రైటే. రైటు పెట్టినోడు ఊరికే పెట్టడు. ఏందో ఉండాది దీని ఎనక."

అప్పుడే చెప్పేసి ఉంటే అక్కడితో పోయేది. కానీ చెప్పలేదు. తేలు కుట్టిన దొంగలా చెంబు తీసుకుని లోపలికి వచ్చేశాను. ఈయన అడగడం వెనక ఏముందో ముందు తెలుసుకుందామనుకున్నాను. చూశారా, ఆయనకు నా గుర్తు మీద అనుమానం, నాకు ఆయన ప్రశ్న మీద అనుమానం.

బడికి పోయే దారిలో బోరింగు దగ్గర అసలు సంగతి తెలిసింది. కొత్త వీధిలో అన్నీ రైటులే. ఇంటూలు తొమ్మిది, తొమ్మిదీ పాత వీధిలోనే. రోడ్డు వెడల్పు చేస్తారంట, ఇంటూ పడిన ఇండ్లు కొట్టేస్తారంట అని ఒకరు. కాదు, తెల్ల రేషన్ కార్డులు తీసేసే ఇండ్లంట అని ఇంకొకరు. ఎవరు ఎవరికి ఓటు వేస్తారో కొత్త వీధివాళ్లు గుర్తు పెట్టుకున్నారని మూడో మాట. వాన వస్తే చెరిగిపోతుందిలే అని ఎవరో అంటే అందరూ నవ్వారు. మా జిల్లాలో సుద్దగీత కూడా శిలాశాసనమే.

మధ్యాహ్నానికి పిల్లలు ఇండ్లలో చెప్పేశారు, టీచరే గీయమన్నదని. దాంతో ఊరి అనుమానాలన్నీ ఒక ఒడ్డుకు చేరాయి. టీచరు ఎవరింట్లో ఉండాది? కొత్త వీధి పెద్దాయన ఇంట్లో. మరి గీయించింది ఎవరు? రెండూ రెండూ నాలుగన్నంత సులువుగా లెక్క తేలిపోయింది. శుక్రవారం పాత వీధి పిల్లలు పదకొండు మందీ బడికి రాలేదు. గురుకుల దరఖాస్తు తీసుకుపోయిన పిల్ల కూడా రాలేదు. దాంతో పాటే ఆ కాగితమూ ఆగిపోయింది.

మా సారుకు చెప్తే ఆయన గడియారం చూసుకుని, "మేడం, ఈ పక్క ఎవురన్నా వచ్చి కొలిచినారంటే ఏదో ఒకటి పోతాది. కొలత అంటేనే భయం జనాలకు. మీరు గమ్మునుండండి" అన్నాడు.

గమ్మునుండే తత్వం నాది కాదు. ఆ సాయంత్రమే మూలచీటీ పట్టుకుని బోరింగు దగ్గరికి పోయాను. ఇరవై మంది ఆడవాళ్లూ మగవాళ్లూ బిందెలు వరసలో పెట్టుకుని ఉన్నారు. పిల్ల తండ్రి కూడా ఉన్నాడు, పొడుగ్గా, ఎండి, తలకు తువ్వాలతో. కాగితం మడిచి చూపించాను. లంబకోణం అంటే ఇది, చదువుకు సంబంధించిన ఆట, రోడ్డూ లేదు, కార్డూ లేదు అని చెప్పాను. అందరూ విన్నారు. చివరికి ఒక ముసలామె నడుం మీద చేయి పెట్టుకుని అడిగింది.

"అది సరేలే తల్లీ. ఇంటూలన్నీ మా ఈదికే ఎట్ల పడినాయి? రైటులన్నీ ఆ ఈదికే ఎట్ల పోయినాయి? నీ కాగితానికి కూడా పార్టీ ఉండాదా?"

నవ్వులు వినిపించాయి. నాకు ఒళ్లు మండింది. "పాత ఇండ్లు కదా అవ్వా. అప్పట్లో కట్టినోల్లకు మూలలు సరిగ్గా నిలబెట్టేది తెలీదు. అందుకే వంకరపోయినాయి. కొత్త ఇండ్లు సరిగ్గా కట్టినారు" అన్నాను.

నవ్వులు ఆగిపోయాయి. పిల్ల తండ్రి బిందె నిండి పొర్లుతోంది. ఆయన దాన్ని చూడడం లేదు, నన్నే చూస్తున్నాడు. తర్వాత ఒక్క మాటా అనకుండా బిందె భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. అరిచేవాడికైతే నేను సమాధానం చెప్పగలను. మాట్లాడకుండా పోయేవాడిని చూస్తే నాకు భయం. ఈయనే పాత వీధిని వెనక నుంచి నడిపిస్తున్నాడని ఆ రాత్రికే తీర్మానించుకున్నాను.

సోమవారం మధ్యాహ్నం బడి విరామంలో చూస్తే, ఆయన ఎదురుగా ఉన్న బండరాయి మీద కూర్చుని ఉన్నాడు. ఒడిలో గోనెపట్టాలో చుట్టిన వస్తువు ఏదో ఉంది. చుట్టు చివర సందులోంచి ఇనుము మెరిసింది. మా వైపు గోనెలో చుట్టి తెచ్చే ఇనుప వస్తువులేమిటో అందరికీ తెలుసు. మా సారుకు చూపించాను. ఆయన ఆ రోజు కడుపునొప్పి అని ముందు బస్సుకే పోయాడు. నేను బడి వెనక కంపచెట్ల మధ్య నుంచి దూరి ఇంటికి చేరాను. చీర కొంగు రెండు చోట్ల చిరిగింది.

మంగళవారం కూడా అదే బండ, అదే మనిషి, అదే గోనె. పిలవలేదు, లేవలేదు, గేటు వైపు చూస్తూ కూర్చున్నాడు, అంతే. నేను లోపల గడియ పెట్టుకుని కొత్త వీధి పిల్లలకు ఎక్కాలు చెప్పించాను. మళ్లీ కంపచెట్లే గతి అయింది. ఆ పిల్ల కాగితం తెప్పించుకునే దారి మూసుకుపోయిందే అని ఒక పక్క దిగులు, ప్రాణం మిగిలితే చాలని ఇంకో పక్క భయం. నిజం చెప్తున్నాను, ఆ రెండు రోజులూ భయమే గెలిచింది.

ఈ సంగతి మా ఇంటి పెద్దాయన చెవిన పడింది. బుధవారం పొద్దున నన్ను వరండాలోకి పిలిచి కుర్చీ వేయించాడు. ఆయన ముఖంలో నా మీద జాలి కంటే ఏదో పండగ కళ కనిపించింది.

"వాడా? వానికి ఆ పక్కోల్లు బాగా నూరిపోసినారు. నువ్వేమీ భయపడొద్దు. ఒక కాగితం మీద రాసియ్యి, కత్తి తీసుకోని బడికాడికి వచ్చినాడని. స్టేషన్లో నేను మాట్లాడుకుంటా" అని ఒక తెల్లకాగితం, పెన్ను నా ముందు పెట్టాడు.

పెన్ను చేతిలోకి తీసుకున్నాను. రాయాలనే అనుకున్నాను. కానీ మా ఇంటి అలవాటు కదా, రాసే ముందు ఆ కాగితాన్ని వెనక్కు తిప్పి చూశాను. వెనక ఆయనదే ఎన్నికల కరపత్రం, చేతులు జోడించిన ఫోటోతో సహా. ఒక్కసారిగా నాకు మెలకువ వచ్చినట్టయింది. ఆ ఎన్నికల పోరుకు నేను అందించేది ఒక మనిషిని. ఆ మనిషి స్టేషన్‌కు పోతే ఆ పిల్ల గతేమిటి? పైగా కత్తి అన్న మాట నేను అనలేదు, ఆయన అన్నాడు. నేను చూసింది ఇనుము మాత్రమే.

"ఆలోచించి రాస్తా పెద్దాయనా" అని లేచాను. ఆయనకు కోపం వచ్చింది. ఆ రోజు నుంచి నాకు ఆ ఇంట్లో మజ్జిగ ఇవ్వడం మానేశారు.

గురువారం గడిచింది. బండ మీద ఆ మనిషి కనిపించలేదు. కనిపించకపోవడం ఇంకా అనుమానం. శుక్రవారం మధ్యాహ్నం దరఖాస్తులు కట్ట కడుతుంటే నేను పిల్లలకు ఇచ్చిన మూడింట్లో రెండే ఉన్నాయి. మరునాడు పొద్దున బస్సులో అవి కుందుర్పికి పోవాలి. మూడోది అక్కడ లేకపోతే ఆ పిల్ల పేరు ఇక ఏ బడి రిజిస్టరులోనూ ఉండదు. ఎక్కాలు రాస్తూ కూర్చోమని పిల్లలకు చెప్పి పాత వీధికి బయలుదేరాను. చంపితే చంపనీ అనుకున్నానని చెప్తే బాగుంటుంది గానీ, అట్లా అనుకోలేదు.

సందులో మూడో మలుపు ఆయన ఇల్లు. దూరం నుంచే ఇంటూ కనిపించింది, ఆ రోజు గీసినంత తెల్లగా. మిగతా ఇంటూల కంటే ఇది చిన్నది, పొందికగా ఉంది. ఎవరి చేతిరాతో నాకు చూడగానే తెలిసింది. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు, గోనెచుట్టు పక్కనే ఉంది. నన్ను చూసి లేచాడు.

"రా టీచరమ్మా. రెండు దినాలు బడికాడ కూసున్నా. నువ్వు ఎనక దోవన పోతాంటే ఏం చేసేది?"

"అన్నా, ఆ గోనెలో ఏముండాది?" అన్నాను.

ఆయన గోనె విప్పాడు. లోపల ఉన్నది మూలమట్టం. రెండు ఇనుప పట్టీలను లంబంగా అతికించినది, మేస్త్రీలు గోడల మూలలు చూసుకునేది. చేయి పడ్డ చోట నున్నగా అరిగి మెరుస్తోంది. పిల్లల చేత నేను కాగితంతో చేయించినదే అది, ముప్పయ్యేళ్ల నాటిది.

"నీకు చూపిద్దామనే తెచ్చినా. మూలలు నిలబెట్టేది తెలీనోల్లు కట్టినారంటివే నలుగురిలో. ఈ ఇల్లు నేను కట్టుకున్నా. చూడు."

ద్వారబంధానికి పెట్టి చూపించాడు, వెంట్రుక కూడా దూరలేదు. ఇంటి మూడు మూలలకూ నన్ను తిప్పి చూపించాడు. మూడూ గీత గీసినట్టున్నాయి. "మీ పెద్దాయన ఇంటి మూలలు కూడా నేను నిలబెట్టినవే. నువ్వు రైటు పెట్టించింది నాకే" అన్నాడు. నవ్వలేదు.

నాలుగో మూల ఇంటూ ఉన్న మూల, సందు మలుపులోకి వచ్చేది. దగ్గరికి పోయి అప్పుడు సరిగ్గా చూశాను. అది వంకరపోయిన మూల కాదు, కోసిన మూల. గోడ మూలదాకా రాకుండా రెండు మూరల ముందే ఏటవాలుగా మళ్లింది. ఒక లంబకోణం ఉండాల్సిన చోట రెండు గురుకోణాలు ఉన్నాయి. ఆ ఏటవాలు రాళ్లు మోకాలి ఎత్తున బండి ఇరుసు రాసుకుని రాసుకుని గాడి పడి ఉన్నాయి. నడుము ఎత్తున ఎద్దుల డొక్కలు తగిలి నున్నబడ్డాయి.

"ఇది ఎందుకు ఇట్ల ఉండాది అన్నా?"

"ఈ ఈదిలో మలుపులో ఇల్లు కట్టినోడు మూల వదలాల. మా తాతల కాడ్నించి అంతే. మూల నిలబెడితే బండి తిరగదు, పాడె తిరగదు. మలుపుల్లో ఇండ్లు తొమ్మిది. తొమ్మిది మందీ వదిలినారు. నీ ఇంటూలు ఎన్ని?"

తొమ్మిది. నాకు ముఖం కాలిపోయింది. నేను గదిలో కూర్చుని అన్నీ తిప్పి తిప్పి చూశాననుకున్నాను. ఆ సందులో ఒక్కసారి నిలబడి మూల ఎందుకట్లా ఉందని అడగలేదు.

ఆయన మూలమట్టాన్ని మళ్లీ గోనెలో చుడుతూ, గోడ వైపు చూస్తూనే చెప్పాడు. "నాది ఈశాన్యం పడింది. ఈశాన్యం కోస్తే ఇల్లు నిలబడదని శానా మంది చెప్పినారు. నేను ఇనలేదు. పిల్లకు ఎనిమిదేండ్లప్పుడు దాని అమ్మ పోయింది. ఆ మూలే తీసుకునిందన్నారు. అట్లనిన నోళ్లే పాడె మోసుకోని, ఈ మూల కాడ ఒరగకుండా తిరిగినారు. నేను ఆ మాటా ఇన్నా, పాడె ఒరగకుండా తిరిగేదీ చూసినా, గమ్మునున్నా. ఇప్పుడు నా బిడ్డ వచ్చి ఆడ ఇంటూ పెట్టె."

ఊరు వేసిన నిందకు పిల్ల చేత్తో నేను సంతకం పెట్టించాను. ఆ సంగతి ఈ మనిషి నాకు చెప్పాలని రెండు రోజులు ఎండలో కూర్చుంటే, కత్తి తెచ్చాడనుకున్నాను. ఏడుపు ఆగలేదు, ఆయన ముందే ఏడ్చాను. ఆయన ఇబ్బందిగా అటు తిరిగాడు.

"పిల్లను బడికి పంపకుండా ఉండాల్సింది కాదు అన్నా" అన్నాను, ముక్కు తుడుచుకుని. నా బుద్ధి అప్పుడు కూడా తప్పు ఆయన వైపే వెతికింది.

"నేను పొమ్మనే అంటాండా. అదే పోలేదు. నాయన గోడకు తప్పు గుర్తు పెట్టినా కదా, ఎట్ల పోయేది అంటాది."

అప్పుడు చూశాను, పిల్ల తలుపు వెనక నిలబడి ఉంది. రెండు కళ్లూ వాచి ఉన్నాయి. దగ్గరికి పిలిచాను, రాలేదు. చెంబుతో నీళ్లు తెమ్మంటే మాత్రం తెచ్చింది. నా చిరిగిన కొంగు తడిపి ఇంటూ తుడిచాను. సుద్ద రాతి గరుకులో ఇంకిపోయి ఉంది. గట్టిగా రుద్దాల్సి వచ్చింది. "గుర్తు తప్పు నాది పాపా. ఇంటూ పెట్టమనింది నేను. మూలలో తప్పు లేదు. దాని పేరు గురుకోణం, అంతే" అన్నాను. పిల్ల తండ్రి వైపు చూసింది. ఆయన తల ఊపాడు. అప్పుడు వచ్చి, చెంబులో మిగిలిన నీళ్లతో ఆ రాయిని తనూ రుద్దింది.

ఇక కాగితం సంగతి. ఎట్లా అడగాలో తెలియక, "అన్నా, రేపు ఆఖరు తేదీ..." అని నసిగాను. ఆయన లోపలికి పోయి, గోడ గూటిలో దేవుడి పటం వెనక నుంచి దరఖాస్తు తెచ్చి ఇచ్చాడు. సంతకం ఉంది. అక్షరాలు ఒక్కొక్కటి రాయి పేర్చినట్టు పెట్టాడు. దాని కింద తారీఖు కూడా వేశాడు. నేను పిల్ల చేతికి కాగితం ఇచ్చిన సోమవారం తారీఖు అది. ఇంటూ పడడానికి రెండు రోజుల ముందు. కాగితం ఇచ్చిన రోజునే ఆయన సంతకం పెట్టేశాడు. నేను బోరింగు దగ్గర ఆ మాట అన్న రోజు, కంపచెట్లలో దూరిన రోజు, పెన్ను చేతిలో పట్టుకున్న రోజు, అది ఆ గూటిలోనే ఉంది.

"చించేయాలనిపించలేదా అన్నా?"

"బిడ్డ సదువుకూ, నీ మాటకూ ఏం సంబంధం?" అన్నాడు.

కాగితం సంచిలో పెట్టుకోబోతూ, చేయి దాని పని అది చేసేసింది. వెనక్కు తిప్పి చూశాను. తెల్లగా ఉంది. తలెత్తితే ఆయన నన్నే చూస్తున్నాడు. అంతసేపట్లో మొదటిసారి ఆయన ముఖంలో నవ్వు కనిపించింది.

"బాగా చూసుకో టీచరమ్మా. ఎనక ఏమీ ల్యా."

శనివారం పొద్దున బస్సులో నేనే పోయి మూడు దరఖాస్తులూ ఇచ్చి రసీదులు తీసుకున్నాను. తర్వాతి వారం పిల్లలందరినీ పాత వీధికి తీసుకుపోయి మిగతా ఎనిమిది ఇంటూలూ తుడిపించాను. ఒక్కొక్క మూల దగ్గర ఆ ఇంటివాళ్లనే అడిగించాను, ఈ మూల ఎందుకు వదిలారని. ముసలామె తన మూల కథ చెప్పడానికి ఒక పూటంతా తీసుకుంది. అప్పటి నుంచి నా పిల్లలు ఏ మూల చూసినా కోణం పేరు రాశారు గానీ, రైటూ ఇంటూ పెట్టలేదు. ఊరికి నా మీద అనుమానం పూర్తిగా పోయిందని చెప్పలేను. ఇంత జరిగినా టీచరు ఆ గది ఖాళీ చేయలేదే అనేవాళ్లు. మా పెద్దాయన మాత్రం ఉగాదికి ఇల్లంతా సున్నం కొట్టించి, ఆ రైటు గుర్తు ఉన్న జానెడు చోటు వదిలేయించాడు. "ఎందుకన్నా మంచిది, ఉండనీ" అన్నాడు.

ఉగాదికి ఆ మేస్త్రీ బెంగళూరు పోలేదు. పరీక్ష అయ్యేదాకా, ఫలితం వచ్చేదాకా ఊళ్లోనే ఉపాధి వెతుక్కున్నాడు. సీటు వచ్చింది. బడులు తెరిచే రోజున పిల్లను సాగనంపడానికి నేనూ పాత వీధికి పోయాను. కొత్త ట్రంకుపెట్టె ఒకటి కొన్నారు, పిల్ల కంటే అదే పెద్దగా ఉంది. ఆయన దాన్ని తలకు అడ్డంగా పెట్టుకుని ముందు నడిచాడు, వెనక పిల్ల, దాని వెనక నేను. మలుపులో ఆ వదిలిన మూల దగ్గరికి వచ్చేసరికి ట్రంకు గోడకు తగులుతుందేమోనని నాకు అనుమానం. కళ్లు తిప్పకుండా చూస్తూనే ఉన్నాను. ఆయన నడక తగ్గించలేదు, తల కూడా ఒంచలేదు. ట్రంకు ఎక్కడా తగల్లేదు.